అమెరికాలో మైనర్ పిల్లలకు నైట్ కర్ఫ్యూ: తల్లిదండ్రులు ముందే చేసి పెట్టుకోవాల్సిన పనులు

పిల్లలు హైస్కూల్లోకి వచ్చారంటే అమెరికాలో ఉన్న మనవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే. "మావాడు రాత్రి ఎన్నింటి దాకా బయట ఉండొచ్చు? లేటైతే పోలీసులు మమ్మల్ని ఏమైనా అంటారా?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. దేశమంతటికీ ఒకే కర్ఫ్యూ చట్టం (రాత్రి ఫలానా టైం దాటాక మైనర్లు పెద్దల తోడు లేకుండా బయట ఉండకూడదనే రూలు) లేదు కాబట్టి. కొన్ని చోట్ల రాష్ట్రం టైం పెడుతుంది, చాలా చోట్ల సిటీ పెడుతుంది, కొన్ని చోట్ల అసలు ఉండదు. అందుకే పక్క ఊళ్లో ఉన్న ఫ్రెండ్ చెప్పిన టైం మీకు పనికిరాదు. మీ అడ్రసుకి, మీ పిల్లల వయసుకి, వాళ్ల చేతిలో ఉన్న లైసెన్సుకి ఏది వర్తిస్తుందో మీరే కూర్చుని చూసుకోవాలి. ఓ ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. ఆ పని ఎలా చేయాలో వరసగా చెబుతాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇంటి పూర్తి అడ్రసు, ప్రాపర్టీ టాక్స్ బిల్లు (అద్దె ఇల్లయితే సిటీ పేరు ఉన్న వాటర్ బిల్లు)
- పిల్లల పుట్టినరోజు తేదీలు
- డ్రైవింగ్ మొదలుపెట్టి ఉంటే లైసెన్సు, అది ఏ దశలో ఉందో, ఎప్పుడు ఇచ్చారో
- ఒక తెల్ల కాగితం, పెన్ను
- పిల్లలు. వాళ్లు పక్కన లేకుండా ఈ పని చేస్తే సగమే అయినట్టు

1. మీరు నిజంగా ఏ సిటీలో ఉన్నారో తేల్చుకోండి

ఇదేం ప్రశ్న అనుకోకండి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పోస్టల్ అడ్రసులో ఉన్న ఊరి పేరు, చట్టం ప్రకారం మీరుండే సిటీ ఒకటే కానక్కర్లేదు. జార్జియాలో కమ్మింగ్ అని అడ్రసు రాసుకునే మన కుటుంబాల్లో చాలామంది కమ్మింగ్ సిటీ హద్దుల్లో ఉండరు, ఫోర్‌సైత్ కౌంటీ కింద ఉంటారు. వాళ్లకి సిటీ రూలు కాదు, కౌంటీ రూలు చూడాలి. పోలీసులు కూడా సిటీ వాళ్లు కాదు, షెరిఫ్ ఆఫీసు వాళ్లు.

టాక్స్ బిల్లులో సిటీ టాక్స్ అని విడిగా ఉందో లేదో చూడండి. కౌంటీ వెబ్‌సైట్‌లో అడ్రసు కొడితే మ్యాపులో హద్దులు కూడా కనిపిస్తాయి.

ఇంకో విషయం. రూలు మీ ఇంటిని బట్టి కాదు, ఆ రాత్రి పిల్లలు ఉన్న చోటుని బట్టి వర్తిస్తుంది. కాబట్టి వాళ్లు తరచూ వెళ్లే మాల్, థియేటర్, బెస్ట్ ఫ్రెండ్ ఇల్లు ఏ సిటీలో ఉన్నాయో కాగితం మీద రాయండి. మూడు నాలుగు పేర్ల కంటే ఎక్కువ రావు.

2. రూలు అసలు పాఠం చదవండి

సిటీ చట్టాలు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉంటాయి. సిటీ వెబ్‌సైట్‌లో 'కోడ్ ఆఫ్ ఆర్డినెన్సెస్' అని వెతకండి (ఆర్డినెన్సు అంటే ఇక్కడ సిటీ చేసిన చట్టం). చాలా సిటీలు వాటిని మ్యూనికోడ్ అనే వెబ్‌సైట్‌లో పెడతాయి, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా ఊళ్లు ఎక్కువగా ఈకోడ్360లో. అక్కడ 'కర్ఫ్యూ' అని కొట్టండి. ఏమీ రాకపోతే 'మైనర్స్' అని కొట్టండి. అప్పుడూ రాకపోతే పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరుకి పగటిపూట ఫోన్ చేసి అడగండి. మొహమాటం అక్కర్లేదు, ఇలాంటి ఫోన్లు వాళ్లకి మామూలే. 911కి మాత్రం దీనికోసం చేయకండి.

చదివేటప్పుడు ఐదు సంగతులు వెతికి కాగితం మీద ఎక్కించండి: ఎంత వయసులోపు వాళ్లకి, ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏ చోట్లకి, ఏ సందర్భాల్లో మినహాయింపు, తల్లిదండ్రుల గురించి ఏం రాశారు.

తేడాలు ఎంతగా ఉంటాయో చూడండి. ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం 17 ఏళ్లలోపు వాళ్లకి. ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రి 11 నుంచి, శుక్ర శనివారాల్లో అర్ధరాత్రి నుంచి, ఉదయం 6 దాకా. అదే రాష్ట్రంలో ఉన్న షికాగో సిటీ 2022లో తన రూలు మార్చి 12 నుంచి 17 ఏళ్ల వాళ్లకి వారమంతా రాత్రి 10 చేసింది. అంటే నేపర్‌విల్‌లో ఉన్న పదిహేడేళ్ల పిల్ల షికాగో డౌన్‌టౌన్‌కి వెళ్లిందంటే రైలెక్కి దిగేసరికి రూలు మారిపోయింది. మిషిగన్‌లో రాష్ట్ర చట్టం 12 ఏళ్లలోపు వాళ్లకి రాత్రి 10, 16లోపు వాళ్లకి అర్ధరాత్రి. ఫిలడెల్ఫియాలో 13 ఏళ్లు, అంతకంటే చిన్నవాళ్లకి రాత్రి 9:30, 14 నుంచి 17 వాళ్లకి 10. న్యూజెర్సీలో రాష్ట్రం పెట్టిన టైం లేదు, ఏ టౌన్‌షిప్‌కి ఆ టౌన్‌షిప్ పెట్టుకుంటుంది.

టెక్సస్ సంగతి వేరే. 2023 సెప్టెంబరు 1 నుంచి అక్కడ సిటీలు, కౌంటీలు మైనర్లకి మామూలు రోజుల్లో కర్ఫ్యూ పెట్టకూడదని రాష్ట్రమే చట్టం చేసింది. డల్లాస్‌లో 1991 నుంచి ఉన్న కర్ఫ్యూ కూడా దాంతో పోయింది. "అయితే మాకు టెన్షన్ లేదు" అని డల్లాస్ వాళ్లు ఇక్కడే చదవడం ఆపేయకండి, తర్వాతి మెట్టు మీకోసమే.

మినహాయింపుల దగ్గర మాత్రం నిదానంగా చదవండి. తల్లిదండ్రులు వెంట ఉంటే, ఉద్యోగానికి వెళ్లొస్తుంటే, ఎమర్జెన్సీ అయితే, స్కూలు లేదా గుడి లేదా ఏదైనా సంఘం పెద్దల పర్యవేక్షణలో జరిపే కార్యక్రమం అయితే, సొంత ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద ఉంటే వదిలేస్తారు. చాలా చోట్ల వరస ఇదే. కానీ ఇల్లినాయ్‌లాంటి చోట్ల ఈ వరసలోనే ఒక షరతు ఉంటుంది: కార్యక్రమం నుంచి దారి తప్పకుండా, ఎక్కడా ఆగకుండా ఇంటికి రావాలి. బతుకమ్మ ఆటకి వెళ్లి 11:30కి నేరుగా ఇంటికొస్తున్న పిల్లకి మినహాయింపు ఉంది. అదే పిల్ల ఫ్రెండ్స్‌తో దారిలో టాకో బెల్ దగ్గర ఆగిందంటే ఆ మినహాయింపు అక్కడితో పోయినట్టే. పిల్లలకి ఈ ఒక్క మాట విడిగా చెప్పండి.

'పబ్లిక్ ప్లేస్' అంటే ఏమిటో కూడా చూడండి. రోడ్లు, పార్కులే కాదు, షాపుల పార్కింగ్ లాట్లు, అపార్ట్‌మెంట్ల ఉమ్మడి స్థలాలు కూడా చాలా ఆర్డినెన్సుల్లో దాని కిందకే వస్తాయి. "కమ్యూనిటీ లోపలే కదా, బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గరే ఉన్నారు" అనే మాట అక్కడ చెల్లదు.

3. డ్రైవింగ్ లైసెన్సు టైం విడిగా చూడండి

కర్ఫ్యూ వేరు, కొత్త డ్రైవర్లకి పెట్టిన రాత్రి నిషేధం వేరు. రెండిట్లో ఏది ముందుగా వస్తే అదే మీ పిల్లల టైం. కింద ప్రొవిజనల్, ప్రొబేషనరీ, జూనియర్ అన్నవి కొత్త డ్రైవర్లకి ఇచ్చే తొలి దశ లైసెన్సుల పేర్లు.

- టెక్సస్: 18 నిండని ప్రొవిజనల్ లైసెన్సుతో అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా నడపకూడదు. ఇంట్లోవాళ్లు కాని 21 ఏళ్లలోపు వాళ్లు కారులో ఒక్కరికి మించి ఉండకూడదు.
- న్యూజెర్సీ: ప్రొబేషనరీ లైసెన్సుతో రాత్రి 11:01 నుంచి ఉదయం 5 దాకా నడపకూడదు. నంబర్ ప్లేట్ మీద ఎర్ర స్టికర్ ఉంటుంది కాబట్టి పోలీసులకి దూరం నుంచే తెలుస్తుంది.
- పెన్సిల్వేనియా: జూనియర్ లైసెన్సుతో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా.
- కాలిఫోర్నియా: మొదటి 12 నెలలు రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా. ఉద్యోగం, స్కూలు పని లాంటి అవసరాలకి సంతకం చేసిన కాగితం కారులో ఉంటే మినహాయింపు.
- నార్త్ కరోలినా: పక్కన పెద్దవాళ్లు లేకుండా నడిపే మొదటి ఆరు నెలలు రాత్రి 9కే ఆపాలి. చాలామంది తల్లిదండ్రులు వినగానే నమ్మరు.
- ఇల్లినాయ్: 18 నిండని వాళ్లు ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రి 10, శుక్ర శనివారాల్లో 11 తర్వాత నడపకూడదు.

ఇల్లినాయ్ లెక్క మళ్లీ చూడండి. రాష్ట్ర కర్ఫ్యూ 17 నిండని వాళ్లకే, కాబట్టి పదిహేడేళ్ల అబ్బాయికి అది వర్తించదు. కానీ బుధవారం రాత్రి 10:15కి అతను స్టీరింగ్ దగ్గర ఉంటే తప్పే. "కర్ఫ్యూ లేదన్నారుగా నాన్నా" అని వాదించే పిల్లలకి ఈ రెండు వరసలూ పక్కపక్కనే రాసి చూపించండి.

4. ఇంటి టైం పెట్టండి, వెనక నుంచి లెక్కేసి

చట్టం చెప్పిన టైం ఇంటి టైం కాకూడదు. చట్టం టైంకి కనీసం అరగంట ముందు పెట్టండి. ఆ అరగంట పిల్లల్ని కట్టడి చేయడానికి కాదు, కారు తొందరపడి నడపకుండా ఉండడానికి. పదహారేళ్ల పిల్లవాడు 11:50కి హైవే మీద ఉండి, 12 లోపు ఇల్లు చేరాలని యాక్సిలరేటర్ తొక్కడం కంటే భయపడాల్సిన సంగతి ఇంకోటి లేదు. కర్ఫ్యూ దాటితే వచ్చేది టికెట్టు. అది కట్టుకోగలం. కాబట్టి ఈ మాట పిల్లలకి నోరు విడిచి చెప్పండి: "లేటైతే లేటైంది. స్పీడు పెంచకు. ఎక్కడున్నావో అక్కడ ఆగి ఫోన్ చెయ్యి, నేనొస్తా."

ఆ ఫోన్ వచ్చినప్పుడు మీరు నిజంగా వెళ్లాలి. ఆ రాత్రి కారులో ఏమీ అడక్కూడదు. మాట్లాడాల్సింది ఉంటే మర్నాడు టిఫిన్ అయ్యాక. ఒక్కసారి ఫోన్‌లో అరిచారంటే రెండోసారి ఆ ఫోన్ రాదు.

ఇంకొకటి. అబ్బాయికి ఒక టైం, అమ్మాయికి ఒక టైం పెట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఇక్కడి చట్టం వయసు చూస్తుంది, అంతే. ఇంట్లోనూ అలాగే ఉండాలని నా గట్టి అభిప్రాయం. అన్నకి 12, చెల్లికి 9 అన్నప్పుడు చెల్లి రూలు పాటించదు, దాచడం నేర్చుకుంటుంది.

5. మామూలు కాని రాత్రులకి ముందే ప్లాన్ వేయండి

ప్రీమియర్ షో సంగతి చూద్దాం. పెద్ద హీరో సినిమా, గురువారం రాత్రి 9 గంటల ఆట. ప్రకటనలు పదిహేను నిమిషాలు, సినిమా రెండు గంటల యాభై నిమిషాలు, మధ్యలో ఇంటర్వెల్ ఇస్తే ఇంకో పది. బయటికొచ్చేసరికి 12:15. పార్కింగ్‌లో ఫొటోలు, అరుపులు. ఇంటికి 12:45. స్కూలు ఉన్న వారంలో గురువారం రాత్రి అది, దాదాపు ఏ కర్ఫ్యూ లెక్కలోనూ ఇమడదు. సినిమాకి వెళ్లడం 'పెద్దల పర్యవేక్షణలో సంఘం జరిపే కార్యక్రమం' కిందకి రాదు. దారులు మూడే: మీరూ వెళ్లండి, లేదా సాయంత్రం 6 గంటల షోకి టికెట్లు కొనండి, లేదా శనివారం మధ్యాహ్నం చూడమనండి. "వాళ్ల అన్నయ్య వస్తున్నాడుగా, వాడికి 19" అంటే, కొన్ని చోట్ల తల్లిదండ్రులు ఒప్పుకుంటే 18 నిండిన తోడు చాలు, కొన్ని చోట్ల 21 కావాలి, కొన్ని చోట్ల తల్లి, తండ్రి లేదా గార్డియనే ఉండాలి. మీరు రాసుకున్న కాగితంలో చూసి చెప్పండి.

నవరాత్రులు, దీపావళి కార్యక్రమాలు: జరిపే సంఘం పేరు, హాలు అడ్రసు, ముగిసే టైం ఉన్న ఫ్లయర్ పిల్లల ఫోన్‌లో ఉండాలి. అడిగితే చూపించడానికి.

స్లీపోవర్ (రాత్రికి ఫ్రెండ్ ఇంట్లోనే పడుకోవడం): ఆ ఇంటి అమ్మతోనో నాన్నతోనో మీరు స్వయంగా మాట్లాడండి. పిల్లలు చెప్పింది చాలదు. రాత్రి ఒంటిగంటకి పిల్లలంతా కలిసి గ్యాస్ స్టేషన్ దాకా నడిచి స్లషీ తెచ్చుకుందాం అనుకుంటారు, అలా వెళ్తే పోలీసులకి దొరకొచ్చు.

మీరు ఇండియా వెళ్లి అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పిల్లల్ని వదిలితే: వాళ్లకి పిల్లల బాధ్యత అప్పగిస్తున్నట్టు సంతకం చేసిన కాగితం ఇంగ్లిష్‌లో రాసి, నోటరీ చేయించి ఇంట్లో పెట్టండి. పెద్దవాళ్లకి ఇంగ్లిష్ ఇబ్బందైతే అర్ధరాత్రి ఫోన్ ఎత్తే ఒక దగ్గరి ఫ్రెండ్ నంబర్ కూడా అందులో రాయండి.

మాల్స్ సంగతి చట్టంతో పనిలేదు, వాళ్ల రూలు వాళ్లదే. మినెసోటాలోని మాల్ ఆఫ్ అమెరికా 1996లోనే 16 ఏళ్లలోపు వాళ్లు వారాంతపు సాయంత్రాల్లో పెద్దవాళ్లతోనే రావాలని పెట్టింది, ఇప్పుడు చాలా మాల్స్‌లో ఇలాంటివి ఉన్నాయి. గుమ్మం దగ్గర బోర్డు ఉంటుంది, చదవండి.

6. పోలీసులు ఆపితే పిల్లలు ఏం చేయాలి

ఇది పిల్లలతో గట్టిగా అనిపించండి, సిగ్గుపడినా సరే.

పరిగెత్తకూడదు. చేతులు కనిపించేలా ఉండాలి. కారులో ఉంటే స్టీరింగ్ మీద. పేరు, వయసు, అడ్రసు నిజం చెప్పాలి. వయసు ఎక్కువ చెప్పడం చిన్న తప్పుని పెద్ద తప్పు చేయడమే. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో ఒక వాక్యంలో చెప్పి, "మా అమ్మకి ఫోన్ చేయొచ్చా?" అని అడగాలి. బ్యాగు, ఫోన్, కారు వెతుకుతామంటే మర్యాదగా "నాకు ఇష్టం లేదు" అనొచ్చు, అడ్డుపడకూడదు. వాదన మాత్రం వద్దు. రూలు మీకు తెలిసినా ఆ సంగతి రోడ్డు మీద తేలదు.

అమ్మ, నాన్న నంబర్లు నోటికి రావాలి. ఫోన్ చార్జింగ్ అయిపోయిన రాత్రి కాంటాక్ట్స్ పనికిరావు.

7. మీకు ఫోన్ వస్తే

"పిల్లవాడు బాగున్నాడా, ఎక్కడున్నాడు, ఏ డిపార్ట్‌మెంట్, నేను ఎక్కడికి రావాలి?" ముందు ఈ నాలుగే. మీ ఐడీ తీసుకుని వెళ్లండి. అక్కడ పిల్లల మీద చేయి చేసుకోవడం, గట్టిగా అరవడం అస్సలు వద్దు. మన ఊళ్లో అది కోపం కింద పోతుంది, ఇక్కడ ఇంకో కేసు కావచ్చు.

చాలాసార్లు హెచ్చరించి పంపేస్తారు. సైటేషన్ (టికెట్టు) ఇస్తే ఆఫీసర్ పేరు, బ్యాడ్జ్ నంబరు, కేసు నంబరు రాసుకోండి. కాగితం మీద కోర్టు తేదీ చూడండి. చిన్న ఫైనే కదా అని తేదీ మర్చిపోవడమే దీంట్లో జరిగే పెద్ద పొరపాటు, వెళ్లకపోతే అది వేరే సమస్య అవుతుంది.

తల్లిదండ్రుల బాధ్యత ఎక్కడ మొదలవుతుందంటే, చాలా ఆర్డినెన్సుల్లో మాట ఇది: తెలిసి అనుమతించినా, పట్టించుకోకుండా వదిలేసినా మీరూ బాధ్యులే. ఇల్లినాయ్ చట్టంలో ఫైను 10 నుంచి 500 డాలర్ల దాకా. కాబట్టి "ఇంటికి 10:30కి రమ్మన్నాను" అని మీరు ముందే పెట్టిన మెసేజ్, రానప్పుడు చేసిన ఫోన్ కాల్స్ ఫోన్‌లో చెరిపేయకండి. మీరు పట్టించుకున్నారనడానికి సాక్ష్యం అవే.

హెచ్1బీ, గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్లు ఇంకో పని చేయాలి. గ్రీన్ కార్డ్ ఫారంలో, సిటిజన్‌షిప్ ఫారంలో ఎప్పుడైనా పోలీసులు సైటేషన్ ఇచ్చారా అని అడుగుతారు. చిన్నదైనా ప్రతి కాగితం, కేసు ముగిసిందన్న కోర్టు కాగితంతో సహా, ఫైల్లో భద్రంగా పెట్టండి. ఫారం నింపే రోజు అటార్నీకి చూపించండి. దాచడం వల్ల వచ్చే ఇబ్బంది ఆ టికెట్టు కంటే చాలా పెద్దది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఆదివారాన్ని వీకెండ్ అనుకోవడం. కర్ఫ్యూ లెక్కలో ఆదివారం రాత్రి స్కూలు రాత్రే.

పక్క రాష్ట్రానికి మారాక పాత టైమే నడపడం.

ఫోన్ ఎక్కడుందో మ్యాపులో చూపించే లైఫ్360 యాప్ పెట్టాం కదా అని ఊరుకోవడం. చుక్క ఎక్కడుందో అది చెబుతుంది, పిల్లవాడు కారు నడుపుతున్నాడా, పక్కన కూర్చున్నాడా చెప్పదు. పైగా ఫోన్ ఫ్రెండ్ ఇంట్లో వదిలేసి వెళ్లడం పిల్లలకి తెలియని విద్య కాదు.

ఒకరు 11 అంటే ఇంకొకరు "పోనీలే, 12కి రా" అనడం. పిల్లలు ఎవరిని అడగాలో వెంటనే కనిపెడతారు. ముందు మీరిద్దరూ ఒక మాట మీదకి రండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా చూడాలి

కాగితం పక్కన పెట్టి పిల్లల్నే అడగండి: శుక్రవారం మన ఊళ్లో ఎన్నింటి దాకా? నువ్వు నడుపుతుంటే ఎన్నింటి దాకా? లేటైతే ముందు ఏం చేస్తావు? నాన్న నంబర్ ఎంత? తడుముకోకుండా చెబితే అర్థమైనట్టు. తర్వాత ఒక శుక్రవారం బయటికి పంపి చూడండి. పదేపదే ఫోన్ చేయకుండా. టైంకి వస్తే సరే. పది నిమిషాలు లేటై, దారిలో ఆగి మెసేజ్ పెట్టి వస్తే అది ఇంకా మంచి గుర్తు. టైంకే వచ్చినా ఇరవై నిమిషాల దారి పన్నెండు నిమిషాల్లో వచ్చాడంటే కుదరనట్టే, నాలుగో మెట్టు మళ్లీ మాట్లాడండి.

కాగితం ఫ్రిజ్ మీద అతికించండి. పుట్టినరోజు వచ్చినప్పుడు, లైసెన్సు దశ మారినప్పుడు, ఇల్లు మారినప్పుడు, ఏటా స్కూళ్లు తెరిచే ముందు ఒకసారి ఆర్డినెన్సు మళ్లీ తెరిచి చూడండి. సిటీలు ఈ టైములు తరచుగానే మారుస్తుంటాయి, వేసవికి వేరే టైం పెట్టే ఊళ్లూ ఉన్నాయి. ఇద్దరు పిల్లలుంటే కాగితాలు రెండు రాయండి, పన్నెండేళ్ల చెల్లికి వర్తించే వరస పదహారేళ్ల అన్నది కాదు.